రాకెట్ పొగను లెక్కతో సరిపెట్టడం కుదరదు

రాకెట్ నాజిల్ నుంచి వెలువడే వాయువుల్లో ఏది ఎంత ఉందో కొలవనక్కర్లేదనే మాట ఇంజినీరింగ్ కాలేజీల్లోనూ సైన్స్ సభల్లోనూ తరచూ వినిపిస్తుంది. వినడానికి వాదన గట్టిగానే ఉంటుంది. ఇంజిన్‌లోకి ఏ ఇంధనం పంపామో, ఎంత పంపామో, ఛాంబర్‌లో ఒత్తిడి ఎంతో అన్నీ తెలుసు. ఈ మూడూ ఇస్తే బయటికొచ్చే ఆవిరి ఎంత, బొగ్గుపులుసు వాయువు ఎంత, కార్బన్ మోనాక్సైడ్ ఎంత అన్నది కంప్యూటర్ క్షణంలో చెప్పేస్తుంది. మరి మూడు వేల డిగ్రీల మంటలోకి గొట్టం దూర్చి, దాని చివర మాస్ స్పెక్ట్రోమీటర్ బిగించి, తెలిసినదాన్నే మళ్లీ తెలుసుకోవడం డబ్బు దండగ కాదా అంటారు.

ఈ మాట తప్పు. ఎక్కడ తప్పో నాకు రాకెట్ పుస్తకాలకంటే ముందు మందమర్రి బొగ్గుబాయిలే చూపించాయి. కల్యాణిఖని, కాసిపేట, శాంతిఖని గనుల చుట్టూ బతికే మాకు కంటికి కనపడని గాలితో వ్యవహారం కొత్త కాదు. ఇక్కడ బొగ్గు తనంతట తానే వేడెక్కుతుంది. బొగ్గు తీసేసిన ఖాళీలో, అంటే గోఫ్‌లో మిగిలిపోయిన ముక్కలకు కాస్త గాలి తగిలితే చాలు, నెమ్మదిగా ఆక్సిజన్ పీల్చుకుంటూ లోలోపల కాగుతాయి. పని అయిపోయిన ప్యానెల్‌ను స్టాపింగ్ గోడలు కట్టి మూసేస్తారు. ఆ గోడ వెనక ఏం జరుగుతోందో చూడటానికి మనిషి వెళ్లలేడు. గోడలోంచి బయటికి వచ్చే సన్నటి శాంపిల్ గొట్టం, దాని మీది కాక్ ఒక్కటే ఆధారం.

ఆ గొట్టం దగ్గర జరిగే పని దగ్గర్నుంచి చూడదగ్గది. కాక్ తిప్పగానే గాలి పట్టుకోరు. ముందు గోడ లోపలా బయటా ఒత్తిడి తేడా చూపే నీళ్ల గేజీ చూస్తారు. బయట వాతావరణ ఒత్తిడి పెరుగుతున్న వేళ గాలి గోడ లోపలికి పోతుంటుంది. అప్పుడు శాంపిల్ తీస్తే లోపలి గాలి రాదు, గోడ పగుళ్లలోంచి అప్పుడే చొరబడిన మంచి గాలి వస్తుంది. రిపోర్టు శుభ్రంగా కనిపిస్తుంది, లోపల మాత్రం బొగ్గు కాగుతూనే ఉంటుంది. అందుకే ఒత్తిడి పడిపోయి, లోపలి గాలి బయటికి తోసుకొచ్చే సమయం చూసి తీయాలి. శాంపిల్ మీద తేదీ, వేళ, బారోమీటర్ అంకె రాయాలి. ఎక్కడ తీశారు, ఎప్పుడు తీశారు అన్నది తెలియకుండా ఎంత తీశారన్న అంకెకు విలువ లేదు.

ల్యాబ్‌లో చేసే పని ఇంకా ముఖ్యమైనది. రెండు శాంపిళ్లు వచ్చాయనుకుందాం. రెండింటిలోనూ కార్బన్ మోనాక్సైడ్ సరిగ్గా 40 పీపీఎం. మనుషులు పనిచేసే చోట అనుమతించే 50 పీపీఎం కంటే తక్కువే. మొదటి శాంపిల్‌లో నైట్రోజన్ 79.8 శాతం, ఆక్సిజన్ 19.0 శాతం. రెండోదాంట్లో నైట్రోజన్ 79.3, ఆక్సిజన్ 20.6. నైట్రోజన్ దేనితోనూ కలవదు కాబట్టి దాన్ని 0.265తో గుణిస్తే ఆ గాలితోపాటు మొదట ఎంత ఆక్సిజన్ లోపలికి వచ్చిందో తెలుస్తుంది. అందులోంచి ఇప్పుడున్న ఆక్సిజన్ తీసేస్తే బొగ్గు తినేసిన ఆక్సిజన్ ఎంతో తేలుతుంది. మొదటి శాంపిల్‌లో అది 2.15, రెండోదాంట్లో 0.41. కార్బన్ మోనాక్సైడ్‌ను కూడా శాతంలోకి మార్చి దీంతో భాగించి నూరుతో గుణిస్తే వచ్చేదే గ్రాహమ్ నిష్పత్తి. మొదటిది 0.19, నిశ్చింతగా ఉండొచ్చు. రెండోది 0.98. ఒకటికి చేరిందంటే వేడెక్కడం దాదాపు ఖాయమే అని గని మనుషులకు తెలుసు. ఒకే 40 పీపీఎం ఒకచోట మామూలు సంగతి, మరోచోట ప్రమాద ఘంటిక. తేడా చెప్పింది ఒక్క కార్బన్ మోనాక్సైడ్ అంకె కాదు, అన్ని వాయువులనూ ఒకే శాంపిల్‌లో కొలిచి పక్కపక్కన పెట్టి చూడటం.

లోపల ఎన్ని టన్నుల బొగ్గు మిగిలిందో తెలుసు, ఎంత గాలి కారుతుందో అంచనా ఉంది కాబట్టి శాంపిల్ అక్కర్లేదు, లెక్క కట్టేద్దాం అని ఏ వెంటిలేషన్ ఆఫీసరూ అనడు. అన్నవాణ్ణి ఆ ఉద్యోగంలో ఉంచకూడదు. మరి అదే మాట రాకెట్ విషయంలో అంటే జ్ఞానంలా ఎందుకు చెల్లుబాటు కావాలి?

ఇప్పుడు ఆ లెక్క సంగతి చూద్దాం. సమతౌల్య లెక్కలకు ప్రపంచమంతా వాడే ప్రోగ్రాం నాసాలో శాన్‌ఫర్డ్ గోర్డన్, బోనీ మెక్‌బ్రైడ్ తయారుచేసినది. దాని వివరణ గ్రంథాలు 1994, 1996లో వచ్చాయి. అద్భుతమైన పని, దాని మీద నాకు పూర్తి గౌరవం ఉంది. కానీ ఆ ప్రోగ్రాం తెరవగానే వాడేవాణ్ణి ఒక ప్రశ్న అడుగుతుంది. నాజిల్‌లో వాయువు విస్తరిస్తూ చల్లబడుతున్నప్పుడు రసాయన చర్యలు క్షణక్షణం సమతౌల్యానికి వస్తూనే ఉన్నాయనుకోవాలా, లేక ఛాంబర్ దాటాక ఎక్కడివక్కడ ఆగిపోయాయనుకోవాలా? ఏది ఎంచుకుంటే ఆ జవాబు వస్తుంది. రెండు జవాబులకూ మధ్య తేడా ఉంటుంది. నిజం ఆ రెంటి మధ్యలో ఎక్కడో ఉంటుంది. వాయువు సెకనుకు రెండు మూడు కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతోంది. నాజిల్ దాటడానికి పట్టేది మిల్లీసెకను అటూ ఇటూ. విడిపోయిన హైడ్రోజన్, ఆక్సిజన్ ముక్కలు మళ్లీ కలవాలంటే మూడు కణాలు ఒకేసారి ఢీకొనాలి, పలచబడుతున్న వాయువులో అది కష్టం. ఏ చర్య ఎక్కడ ఆగిపోయిందో చెప్పే అధికారం ఆ ప్రోగ్రాంకు లేదు. అది తెలియదని స్వయంగా చెప్పుకుంటున్న ప్రోగ్రాంను పట్టుకుని అంతా తెలుసు అనడం ఆ ప్రోగ్రాం రాసినవాళ్లకే అన్యాయం.

అంతేకాదు, ఛాంబర్‌లో ఇంధనం, ఆక్సీకారిణి అంతటా ఒకే పాళ్లలో కలిశాయని మామూలు లెక్క అనుకుంటుంది. నిజమైన ఇంజిన్‌లో గోడ కాలిపోకుండా కావాలనే అంచుల వెంట ఇంధనం ఎక్కువ చల్లుతారు. నడిమధ్య ఒక వాయువు, అంచున మరో వాయువు. కిరోసిన్ ఇంజిన్‌నే తీసుకోండి. ప్రధాన ఛాంబర్‌లో వాడే పాళ్లకు లెక్క కడితే మసి దాదాపు సున్నా అని వస్తుంది. కానీ కిరోసిన్ రాకెట్ వెనక పసుపుగా, నారింజగా ధగధగలాడే ఆ వెలుగంతా కాగిన మసిదే. ఇస్రో కూడా కిరోసిన్ దారిలోకి వచ్చింది. 2025 మార్చి 28న మహేంద్రగిరిలో సెమీక్రయోజెనిక్ ఇంజిన్ ముఖ్యభాగాలను మండించి పరీక్షించింది. ఆ మసి ఎంత, ఏ సైజు, అది పై వాతావరణంలో ఎన్నాళ్లు నిలుస్తుంది అన్న ప్రశ్నకు సున్నా అని చెప్పే లెక్కతో జవాబు ఎలా ఇస్తాం?

కొలత పక్షాన వాదిస్తున్నవాడిగా కొలత ఎంత కష్టమో దాచను. మాస్ స్పెక్ట్రోమీటర్ చేసేది ఇది. వాయువులోని అణువులను ఎలక్ట్రాన్ల ధారతో కొట్టి ఆవేశం ఎక్కించి, బరువును బట్టి విడదీసి, ఏ బరువువి ఎన్ని వచ్చాయో లెక్కిస్తుంది. నీటి ఆవిరి 18 దగ్గర, ఆక్సిజన్ 32 దగ్గర, కార్బన్ డయాక్సైడ్ 44 దగ్గర కనిపిస్తాయి. చిక్కంతా 28 దగ్గర. కార్బన్ మోనాక్సైడ్ బరువు 27.995, నైట్రోజన్ బరువు 28.006. మామూలు పరికరానికి రెండూ ఒకటే. ఇస్రో వికాస్ ఇంజిన్‌లో హైడ్రజిన్ జాతి ఇంధనం, నైట్రోజన్ టెట్రాక్సైడ్ మండుతాయి కాబట్టి పొగలో నైట్రోజన్ దండిగా ఉంటుంది, కార్బన్ మోనాక్సైడ్ కూడా ఉంటుంది. ఆ పైన కార్బన్ డయాక్సైడ్ అణువు విరిగినా ఒక ముక్క 28 దగ్గరే వచ్చి కూర్చుంటుంది. వాదించేవాళ్లు దీన్నే పట్టుకుని, చూశారా, పరికరం అసలైన రెండు వాయువులనే విడదీయలేదు అంటారు.

విడదీస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ విరిగితే 12 దగ్గర కార్బన్ ముక్క వస్తుంది, నైట్రోజన్ విరిగితే 14 దగ్గర వస్తుంది. ముందుగా తెలిసిన పాళ్లలో కలిపిన వాయువు సీసాలతో పరికరాన్ని సరిచూసి, ఒక్కో వాయువు ఎంత శాతం ఎలా విరుగుతుందో పట్టిక రాసుకుని, 12, 14, 16, 28, 44 అన్నింటినీ ఒకేసారి చదివితే ఎవరి వాటా ఎంతో తేలుతుంది. ఇంకా నిక్కచ్చిగా కావాలంటే బరువులో రెండున్నర వేలలో ఒక వంతు తేడాను కూడా గుర్తించే పెద్ద పరికరం వాడొచ్చు. గనిలో ఒక్క అంకెను నమ్మకుండా అన్నింటినీ పక్కపక్కన పెట్టి చూసే పద్ధతే ఇదీను.

గనిలో నైట్రోజన్ చేసిన పనిని రాకెట్ పొగలో ఆర్గాన్ చేస్తుంది. నేల మీది టెస్ట్ స్టాండ్‌లో నాజిల్ దాటిన పొగ చుట్టూ ఉన్న గాలిని లాక్కుంటూ పోతుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ ఆ గాలితో మళ్లీ మండుతాయి. కొంత దూరంలో కార్బన్ మోనాక్సైడ్ సగానికి తగ్గిందంటే, మండి తగ్గిందా, గాలి కలిసి పలచబడిందా? నైట్రోజన్‌ను అడిగి లాభం లేదు, ఇంజిన్‌లోనూ అదే పుట్టవచ్చు, స్టాండ్‌లో పైపులు ఊదడానికి వాడేదీ అదే. ఆర్గాన్ మాత్రం ఇంధనంలో ఉండదు. గాలిలో 0.93 శాతం ఉంటుంది, దేనితోనూ కలవదు. 40 దగ్గర ఆర్గాన్ ఎంత కనిపిస్తే అంత గాలి చొరబడినట్టు. ఇంజిన్‌లోకి పోసినవాటి లెక్కలో ఈ సంగతికి చోటే లేదు.

కొలత వద్దనేవాళ్ల చేతిలో ఉన్న అన్నిటికంటే బలమైన వాదన మరొకటి. ధ్వని వేగాన్ని మించి వస్తున్న వాయువులో గొట్టం పెడితే దాని ముందు షాక్ తరంగం నిలుస్తుంది, వాయువు ఆగి మళ్లీ వేడెక్కి కొత్త చర్యలు జరుగుతాయి. మీరు కొలిచేది ఇంజిన్ పొగ కాదు, మీ గొట్టం తయారుచేసిన పొగ అంటారు. మొద్దుగా ఉన్న గొట్టం పెడితే నిజమే. దీనికి విరుగుడు ఆలోచించి డెబ్బై ఏళ్లు దాటింది. కాంట్రోవిట్జ్, గ్రే అనే ఇద్దరు 1951లోనే సూపర్‌సోనిక్ ధార నుంచి అణుపుంజం తీసే పద్ధతిని ప్రతిపాదించారు. పదునైన అంచు ఉన్న శంఖాకారపు స్కిమ్మర్ ధార నడిమధ్యను కోసి లోపలికి తీసుకుంటుంది. లోపల ఒక దాని తర్వాత ఒకటిగా పంపులు శూన్యాన్ని నిలబెడతాయి. వాయువు ఎంత వేగంగా పలచబడుతుందంటే అణువుకు అణువు తగలడమే ఆగిపోతుంది. తగలకపోతే చర్య జరగదు. లోపలికి అడుగుపెట్టిన క్షణంలో ఏమున్నాయో అవే పరికరం దాకా వెళ్తాయి. మంటల్లోని క్షణికమైన ముక్కలను కూడా ఇలా పట్టుకున్నారు. స్టాపింగ్ గొట్టం దగ్గర తప్పు వేళ శాంపిల్ తీసేవాడు ఉన్నాడని గని ల్యాబ్ మూసేయలేదు, గేజీ చూసి తీయమని నేర్పారు.

శ్రీహరికోట దగ్గరికి వస్తే ఈ చర్చ పుస్తకాల్లోంచి గాల్లోకి వస్తుంది. మన పెద్ద రాకెట్లను లేపే ఎస్200 బూస్టర్‌లో ఒక్కోదానిలో 200 టన్నులకు పైగా ఘన ఇంధనం ఉంటుంది. దాన్ని పోతపోసేదీ అక్కడే, 2010 జనవరి 24న తొలిసారి నేలమీద మండించి పరీక్షించిందీ అక్కడే. మనుషులను పంపే గగన్‌యాన్ కోసం తీర్చిదిద్దిన బూస్టర్‌ను 2022 మే 13న పరీక్షించిందీ అక్కడే. ఇలాంటి ఇంధనంలో నూటికి సుమారు 68 పాళ్లు అమోనియం పర్‌క్లోరేట్, 18 పాళ్లు అల్యూమినియం. క్లోరిన్ అంతా హైడ్రోక్లోరిక్ ఆమ్లంగా మారితే అది పొగ బరువులో 21 శాతం, అంటే ఒక్కో బూస్టర్‌కు 40 టన్నుల పైమాట. అల్యూమినా 34 శాతం, దాదాపు 70 టన్నులు. ఇక్కడ లెక్క చక్కగా పనిచేసింది, ఒప్పుకోవాలి. మొత్తం క్లోరిన్ ఎంతో ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు.

కానీ ఆ క్లోరిన్ ఏ రూపంలో ఉంది? హైడ్రోక్లోరిక్ ఆమ్లంగా ఉంటే పై వాతావరణంలో ఓజోన్‌కు వెంటనే హాని లేదు. పొగ గాలితో మళ్లీ మండే చోట కొంత భాగం విడి క్లోరిన్‌గా మారితే అక్కడికక్కడే ఓజోన్‌ను తింటుంది. అమెరికా వాళ్లు డబ్ల్యూబీ-57 విమానాన్ని టైటాన్-4 రాకెట్ పొగలోంచి నడిపి చూశారు. స్ట్రాటోస్ఫియర్‌లో ఆ పొగ దారిలో ఓజోన్ కొంతసేపు దాదాపు లేకుండా పోయింది. ఆ ఫలితం 1997లో నేచర్ పత్రికలో వచ్చింది. రూపం తేల్చడం మాస్ స్పెక్ట్రోమీటర్‌కు చేతనైన పని. క్లోరిన్‌కు 35, 37 అని రెండు బరువులున్నాయి, మూడుకు ఒకటి పాళ్లలో. కాబట్టి హైడ్రోక్లోరిక్ ఆమ్లం 36, 38 దగ్గర అదే మూడుకు ఒకటి పాళ్లలో కనిపించాలి. పాళ్లు చెదిరితే మధ్యలో మరేదో కలిసిందని పరికరమే పట్టిస్తుంది. తన తప్పును తానే బయటపెట్టే కొలత అరుదు. ఇక్కడ ప్రకృతి దాన్ని ఉచితంగా ఇచ్చింది. ఈ ఆమ్లం గొట్టం గోడలకు అంటుకుని ఆలస్యంగా వస్తుంది, అల్యూమినా రేణువులు రంధ్రాన్ని మూసేస్తాయి. గొట్టాన్ని వేడిగా ఉంచాలి, రంధ్రాన్ని మార్చుకోగలిగేలా బిగించాలి. ఇవి పనిమంతులు తీర్చుకునే ఇబ్బందులు.

ఎవరూ లెక్క కట్టనిదాన్ని కొలత బయటపెట్టిన ఉదాహరణ కావాలంటే దూరం వెళ్లనక్కర్లేదు. అమెరికా నోవా సంస్థకు చెందిన డేనియల్ మర్ఫీ బృందం లేజర్ మాస్ స్పెక్ట్రోమీటర్‌ను విమానంలో పెట్టి స్ట్రాటోస్ఫియర్ రేణువులను ఒక్కొక్కటిగా పరీక్షించింది. 2023లో ప్రచురించిన ఫలితం ప్రకారం అక్కడి పెద్ద గంధకామ్ల రేణువుల్లో దాదాపు పది శాతంలో అల్యూమినియం, ఇంకా ఉపగ్రహాలు, రాకెట్ భాగాలు కాలిపోయినప్పుడు వచ్చే లోహాలు ఉన్నాయి. నియోబియం, హాఫ్నియం కూడా దొరికాయి. ఆ రెండూ ఉల్కల్లోంచి ఆ మోతాదులో రావు, రాకెట్ల మిశ్రమలోహాల్లో వాడేవి. లెక్క ఎప్పుడూ మనం అడిగినదానికే జవాబిస్తుంది. నియోబియం గురించి ఎవరూ అడగలేదు. పరికరం అడగకుండానే చూపించింది.

ఇక తప్పుడు హెచ్చరికల సంగతి. 1999 జూలై 20న కొలంబియా షటిల్‌ను ఇంజిన్లు అంటుకోవడానికి కొద్ది క్షణాల ముందు ఆపేశారు. వెనక భాగంలో హైడ్రోజన్ ఒక్కసారిగా పెరిగినట్టు మాస్ స్పెక్ట్రోమీటర్ చూపించింది. తర్వాత అది తప్పుడు రీడింగ్ అని తేల్చారు. కొలతను నమ్మితే ఇదే గతి అనేవాళ్లకు ఇది ఇష్టమైన కథ. కథను వాళ్లు సగంలో ఆపేస్తారు. జూలై 23న అదే షటిల్ లేచింది. ఇంజిన్‌లోంచి ఊడిన ఒక చిన్న పిన్ను నాజిల్ గోడకు తగిలి మూడు శీతలీకరణ గొట్టాలు చీలిపోయాయి. హైడ్రోజన్ కారుతూనే రాకెట్ పైకి వెళ్లింది. ఆక్సిజన్ ముందే అయిపోయి ఇంజిన్లు అనుకున్నదానికంటే కాస్త ముందే ఆగాయి. ఆ చీలిక జాడ ఆ ఇంజిన్ పొగలో వెలుగు చారగా ఫొటోల్లో దొరికింది. మొదటి రోజు తప్పుడు రీడింగ్ నేర్పాల్సిన పాఠం పరికరాన్ని తీసేయమని కాదు, ఒక్క రీడింగ్‌ను మరో రీడింగ్‌తో సరిచూసుకోమని. లేచిన రోజు పొగ చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఆ ప్రయాణంలో షటిల్ మోసుకెళ్లింది మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరు పెట్టిన టెలిస్కోపును. చెడితే పోయేది ఎంతో చెప్పనక్కర్లేదు. మన దగ్గర 2013 ఆగస్టు 19న జీఎస్‌ఎల్‌వీ-డీ5 రెండో దశలో ఇంధనం కారుతోందని కనిపెట్టి, లేవడానికి 74 నిమిషాల ముందు ఆపేశారు. 2014 జనవరి 5న అది విజయవంతంగా వెళ్లింది. ఆపినందుకు ఎవరూ నష్టపోలేదు.

గనుల చరిత్రలోనూ ఇంతే. పేలుడులో చనిపోయినవాళ్లంతా మంటకో దెబ్బకో పోయారని ఒకప్పుడు అనుకునేవారు. బ్రిటన్‌లో జాన్ స్కాట్ హాల్డేన్ మృతదేహాలను పరీక్షించి, చాలామందిని చంపింది పేలుడు తర్వాత మిగిలిన కార్బన్ మోనాక్సైడ్ అని 1896 నివేదికలో చూపించాడు. సేఫ్టీ ల్యాంపు నీలి మంట మీథేన్‌ను చూపిస్తుంది, కార్బన్ మోనాక్సైడ్‌ను చూపించదు. ల్యాంపు మామూలుగా వెలుగుతోంది కాబట్టి గాలి బాగుందని నమ్మినవాళ్లు పోయారు.

చివరికి మిగిలేది ఖర్చు మాట, దీనికి ఎక్కువ సమయం ఇవ్వను. క్వాడ్రుపోల్ మాస్ స్పెక్ట్రోమీటర్ ఒక బల్ల మీద పట్టేది. చంద్రయాన్-1 నుంచి విడిపోయి 2008 నవంబర్ 14న చంద్రుడి మీద పడిన చిన్న పెట్టెలో ఇస్రో ఒకదాన్ని పంపింది, మంగళయాన్‌లో మరొకటి పంపింది. హైదరాబాద్ ఐఐసీటీలో ఈ విద్యకే జాతీయ కేంద్రం ఉంది. అదే హైదరాబాద్‌లో 2018లో పుట్టిన ప్రైవేటు రాకెట్ కంపెనీ స్కైరూట్ 2022 నవంబర్ 18న విక్రమ్-ఎస్‌ను ఎగరేసింది. చంద్రుడి దాకా పంపగలిగిన పరికరాన్ని మన టెస్ట్ స్టాండ్ దగ్గర పెట్టడం మనకు భారం కాదు.

కావలసింది స్టాండ్ డ్రాయింగ్ దశలోనే శాంపిల్ రంధ్రం, వేడి గొట్టం, పంపులకు చోటు, సరిచూసే వాయువు సీసాలకు చోటు చేర్చడం. కాంక్రీటు పోశాక, ఉక్కు బిగించాక వీటిని ఎవరూ చేర్చరు. పరీక్ష రిపోర్టులో లెక్కించిన పాళ్ల పక్కన కొలిచిన పాళ్లు, శాంపిల్ నాజిల్‌కు ఎంత దూరంలో తీశారు, ఆర్గాన్ ఎంత కనిపించింది, అంకెలో ఎంత అటూ ఇటూ ఉండొచ్చు అన్నవి రాయాలి. రెండు పాళ్లూ కలవని చోట మొదట తిరిగి చూడాల్సింది స్కిమ్మర్‌ను, సీసాలను. అవి సరిగ్గా ఉంటే మార్చాల్సింది లెక్కను.